పెద్ద స్టెప్నీ ఎక్కడ పెట్టాలి: వెనక డోరుకా, కేరియర్‌కా, పాతదే చాలా?

మహీంద్రా థార్‌కి గానీ మారుతి జిమ్నీకి గానీ పెద్ద టైర్లు వేయించేటప్పుడు బేరమంతా నాలుగింటి మీదే నడుస్తుంది. ఐదోదాని సంగతి బిల్లు కట్టాక గుర్తొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద ఇలాంటి బళ్లు చూస్తే నాలుగు చక్రాలు ఒక సైజు, వెనక డోరుకి వేలాడే స్టెప్నీ ఇంకో సైజు. అలా తిరగొచ్చా అని అడిగితే రెండు విషయాలు తెలిస్తే గానీ జవాబు చెప్పలేం: ఎంత పెద్ద టైరు వేశారు, బండి ఎటు వెళ్తుంది.

2020లో వచ్చిన థార్‌లో 16 అంగుళాల డిస్కు (టైరు తొడిగే చక్రం) రకానికి కంపెనీ టైరు 245/75 ఆర్16: అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, టైరు చెంప ఎత్తు అందులో 75 శాతం, డిస్కు 16 అంగుళాలు. ఎత్తు లెక్కేస్తే దాదాపు 774 మిల్లీమీటర్లు. కుర్రాళ్లు మోజుపడే 33 అంగుళాల టైరు, అంటే 285/75 ఆర్16 వేస్తే ఎత్తు 834కి పోతుంది, వెడల్పు 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బరువు ఏ కంపెనీ టైరన్నదాన్ని బట్టి మారుతుంది గానీ డిస్కుతో కలిపి నలభై కిలోల దరిదాపులకి వచ్చేస్తుంది. ఈ రెండింటి మధ్యలో 265/75 ఆర్16 ఉంది, దాని ఎత్తు 804. జిమ్నీలో 195/80 ఆర్15 తీసి 215/75 ఆర్15 వేస్తే పెరిగేది పది మిల్లీమీటర్లే. దానికి ఇంత చర్చ అక్కర్లేదు, కంపెనీ ఇచ్చిన చోటే బిగించేసుకోవచ్చు.

పెద్ద చక్రాన్ని కూడా డోరుకే పెట్టడం అన్నిటికంటే తేలిక. అదనపు ఖర్చు లేదు, సామాను తీయాలంటే ఒక్క డోరు తెరిస్తే సరిపోతుంది. అయితే పట్టిందా లేదా అన్నది పైపైన చూస్తే తెలియదు. వెడల్పు టైరు లోపలి చెంప ముందుగా డోరు రేకుకి ఆనేస్తుంది. డిస్కు ఇంకా డోరు మీది ప్లేటుకి తగలకముందే నట్లు బిగుసుకుపోయినట్టు అనిపిస్తాయి. నిజానికి అప్పుడు పట్టుకున్నది నలిగిన రబ్బరే. నాలుగు గతుకులు పడేసరికి రబ్బరు సర్దుకుంటుంది, నట్లు వదులవుతాయి. దీనికి మధ్యలో స్పేసర్ (మందపాటి బిళ్ల) వేసి, పొడుగాటి స్టడ్‌లు (నట్లు ఎక్కే బోల్టులు) మారుస్తారు. అలా చేస్తే డిస్కు గట్టిగానే కూర్చుంటుంది గానీ చక్రం ఇంకా వెనక్కి జరుగుతుంది. డోరుకి దూరంగా వేలాడేకొద్దీ కబ్జాల మీద, అంటే డోరు తిరిగే బందుల మీద, లాగుడు ఎక్కువ.

డోరు మూసి ఉన్నప్పుడు ఆ బరువులో కొంత లాకు పంచుకుంటుంది. తెరిచాక మొత్తం కబ్జాలదే. అందుకే ఇంటి దగ్గరే ఈ పరీక్ష చేసుకోండి. డోరు సగం తెరిచి, చక్రం అడుగున రెండు చేతులు పెట్టి పైకి ఎత్తండి. కబ్జా దగ్గర టక్కుమని చిన్న కదలిక తెలిస్తే పిన్ను అరగడం మొదలైనట్టే. తర్వాత లాకు కొక్కెం చూడండి. దాని మీద ఒకవైపే పెయింటు పోయి మెరుస్తుంటే డోరు కిందికి దిగుతోంది, మూసిన ప్రతిసారీ కొక్కెమే దాన్ని పైకి ఎత్తుతోంది. ఆఖరున కబ్జా బోల్టుల చుట్టూ గోరుతో తడమండి. అక్కడ పెయింటు వెంట్రుకవాసి చీలినా రేకు అలసిపోతోందని అర్థం. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఉండేవాళ్లు దీన్ని వాయిదా వేయకూడదు. ఆ చీలికలోకి ఉప్పుగాలి దూరిందంటే ఒక్క వానాకాలంలో తుప్పు గీత కట్టేస్తుంది. స్టెప్నీకి తొడిగే రెగ్జిన్ కవరు ఈ తేమని ఇంకా దాచిపెడుతుంది. కవరు అడుగున నీళ్లు కారే బొక్క లేకపోతే ఒకటి పెట్టించుకోండి.

కబ్జాల దాకా పట్టే ఉక్కు పట్టీ ఒకటి డోరుకి వేసి, చక్రం అడుగుభాగం బంపర్ మీద రబ్బరు దిమ్మకి మెత్తగా ఆనేలా చేస్తే 265/75 దాకా డోరు మోస్తుందనే నా అభిప్రాయం. 33 అంగుళాలది మాత్రం వద్దు. ఒక మేస్త్రీకి చూపిస్తే నవ్వేశాడు: "ఏటి బాబూ, ఈ డోరు రేకెంత, మీరెట్టిన సక్రమెంత?"

ఇక కేరియర్. వెనక బంపర్ స్థానంలో ఛాసిస్‌కి బిగించే గట్టి బంపరు, దానికి తలుపులా తిరిగే చెయ్యి, ఆ చేతికి చక్రం. బరువు నేరుగా ఛాసిస్ మీదికి పోతుంది, డోరుకి విముక్తి. 33 అంగుళాలదైనా నిశ్చింతగా మోస్తుంది. మన వైపు చేయించుకోవడమూ కష్టం కాదు. సాలూరు లారీల ఊరు కదా, ఇనప పనికి అక్కడ చేయి తిరిగినవాళ్లున్నారు. ఛాసిస్ మీద వెల్డింగు మాత్రం పెట్టించకండి, బోల్టులతోనే బిగించమనండి. తిరిగే చెయ్యి కూర్చునే బేరింగు లారీ పనికి వాడే రకం అయితే మేలు.

కానీ రోజూ వాడేవాళ్లకి కేరియర్ విసుగు పుట్టిస్తుంది. కూరగాయల సంచి పెట్టాలన్నా ముందు చెయ్యి తిప్పాలి, తర్వాత డోరు తీయాలి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గోడకి వెనక ఆనించి బండి పెట్టారంటే చెయ్యి తిరగడానికి చోటే ఉండదు. చక్రం బరువుకి ఇనుము బరువు తోడై వెనక స్ప్రింగులు దిగుతాయి. చేతి లాకులో కాస్త సందు మిగిలినా దారి పొడుగునా గడగడే.

దీనికి చట్టం చిక్కు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. సైజు మించిన టైర్లకీ ఈ ఇబ్బంది ఉంటుంది గానీ బంపరు మార్పు దూరం నుంచే కనిపిస్తుంది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయరు కంట్లో పడేదీ అదే.

మూడో దారి, పాత సైజు స్టెప్నీనే డోరుకి ఉంచేయడం. పంచర్ కిట్టు, చిన్న కంప్రెసరు పెట్టుకుంటే చాలంటారు. తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఇది నిజంగానే చాలు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే వ్యవస్థ, రిపేరు కిట్టు ఉన్న చిన్న వాహనాలకి అసలు స్టెప్నీయే తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద పంచర్ షాపుకి కొదవ లేదు, రామభద్రపురం నుంచి సాలూరు దాకా అంతే.

చిక్కంతా మేకు గుచ్చుకుంటే కాదు, సైడ్‌వాల్ (టైరు పక్క చెంప) చిరిగితేనే వస్తుంది. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు క్వారీల దారుల్లో రాతి పెచ్చులు కత్తుల్లా పడి ఉంటాయి. అలా తెగినదానికి ఏ పంచర్ కిట్టూ పనికిరాదు. అప్పుడు చిన్న స్టెప్నీ వేయాలి. 834కీ 774కీ చుట్టుకొలతలో తేడా ఏడున్నర శాతం పైనే. ఆ చిన్నదాన్ని వెనక యాక్సిల్‌కి వేస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేరు పెట్టె) దారంతా పనిచేస్తూనే ఉండాలి. కాబట్టి వెనక టైరు పోతే ముందునుంచి పెద్దదొకటి తీసి వెనక్కి వేసి, చిన్నది ముందు పెట్టాలి. అంటే జాకీ రెండుసార్లు. సాలూరు దాటాక ఒడిశా వైపు వచ్చే సుంకి ఘాట్‌లో చీకటి పడ్డాక, పక్కనుంచి లారీలు దిగుతుంటే ఆ పని ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. చక్రాల సైజు తేడాకి ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలగొచ్చు. ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే గేరు) మాత్రం తారు మీద వేయకూడదు, ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి పట్టి లాగి ట్రాన్స్‌ఫర్ కేసుని (ఇంజను శక్తిని రెండు ఇరుసులకీ పంచే పెట్టెని) నలిపేస్తాయి. బారువ ఇసుకలో దిగబడితే బయటపడేదాకా వాడుకుని వెంటనే తీసేయండి.

టాప్ మీద పెట్టడం గురించి ఎక్కువ చెప్పను. నలభై కిలోలు నెత్తిన పెట్టుకుని ఘాట్ మలుపులు తిరగడం, ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని కిందికి దించడం, రెండూ చెడ్డ ఆలోచనలే. లోపల పెడితే వెనక సీటు పోయినట్టే. కట్టకుండా పెడితే సడన్ బ్రేకుకి అది ముందుకే వస్తుంది.

కాబట్టి శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం తాటిపూడి, అరకు వైపు వెళ్లేవాళ్లకి పాత స్టెప్నీ, కిట్టు సరిపోతాయి. క్వారీ దారుల్లోకో, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా మహేంద్రగిరి వైపో తరచూ పోయేవాళ్లు 265/75 దగ్గరే ఆగి, ఐదూ ఒకే సైజు కొని, పట్టీ వేసిన డోరుకి బిగించుకోవడమే మేలంటాను. 33 అంగుళాలే కావాలని పట్టుబట్టేవాళ్లకి కేరియర్ తప్ప దారి లేదు, చట్టం సంగతి చూసుకునే దిగాలి.

ఐదూ ఒకే సైజైతే స్టెప్నీని కూడా రొటేషన్‌లో, అంటే టైర్ల చోట్లు మార్చేటప్పుడు, తిప్పండి. టైరు మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది: 2321 అంటే 2021లో 23వ వారం. వాడకపోయినా ఎండకి రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన జాకీ ఈ కొత్త ఎత్తుకి అందుతుందో లేదో కూడా ఇంటి ముందే ఒకసారి ఎత్తి చూసుకోండి. అందకపోతే కింద పెట్టడానికి మందపాటి టేకు చెక్క ఒకటి బండిలో పడేసుకోండి.