ఒకే కొట్టు, నువ్వులకు నాలుగు రేట్లు

మారతహళ్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సూపర్‌మార్కెట్ సంగతి ఇది. పేరు వద్దులెండి, బెంగళూరులో ఇలాంటివి పేటకొకటి ఉన్నాయి. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ సరుకులన్నీ ఇక్కడే కొంటున్నాం. ఏసీ, పార్కింగ్, డెలివరీ లాంటివి ఎక్కడైనా ఒకటే. నాకు ఇక్కడ నచ్చినదల్లా ర్యాక్ అంచుకు అంటించే ధర చీటీ. ప్యాకెట్ ధర పెద్దగా ఉంటుంది, దాని కింద కళ్లు చిట్లించి చూస్తే గానీ కనబడని అక్షరాల్లో వంద గ్రాములకు ఎంత పడుతుందో ఉంటుంది.

ఆ కింది అంకె చదవడం అలవాటయ్యాక ఈ కొట్లో సరుకు ధర అది కూర్చున్న వరసను బట్టి ఉంటుందని తెలిసొచ్చింది. పిండ్ల దగ్గర రాగిపిండి కిలో 58 రూపాయలు. రెండు వరసలు దాటి, ఆకుపచ్చ బోర్డు పెట్టి ‘హెల్త్’ అన్నచోట అదే రాగిపిండి అరకిలో 75. రాగిముద్ద తినే రాష్ట్రంలో! కొబ్బరినూనె సంగతి ఇంకా తమాషా. వంటనూనెల వరసలో ఒక రేటు, తలనూనెల వరసలో ఒక రేటు. పన్ను వేసేటప్పుడు దీన్ని వంటనూనెగా చూడాలా, తలనూనెగా చూడాలా అన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది. చిన్న సీసాలో పోసినంత మాత్రాన స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనె అయిపోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తేల్చింది. 2025 సెప్టెంబరులో తలనూనె జీఎస్టీ కూడా 18 నుంచి 5 శాతానికి దిగింది. మా కొట్లో ఆ రెండు వరసల మధ్య తేడా మాత్రం ఇంకా తీరలేదు.

అసలు కథ పోయిన సంక్రాంతిది. కడప నుంచి అత్తయ్య వచ్చారు, అరిసెలు చేస్తామన్నారు. అద్దడానికీ, ఉండలకూ కలిపి అరకిలో నువ్వులు కావాలి. పండగ వారం ఇక్కడ కొట్టు గుమ్మంలోనే చిన్న వేదిక కడతారు. చెరుకు గడలు, చక్కెర అచ్చులు, ఇక్కడివాళ్లు సంక్రాంతికి పంచుకునే నువ్వులూ బెల్లం కలిపిన ‘ఎళ్లు బెల్ల’ పొట్లాలు, వాటి పక్కన రంగు దారం కట్టిన తెల్ల నువ్వులు. వంద గ్రాములు 56. అత్తయ్య పొట్లం ఎత్తి చూసి, “ఏమ్మా, కిలో అయిదొందల అరవయ్యా? పండగని తెలిసి పెట్టినట్టున్నాడే” అన్నారు. చీటీ లేకుండానే కట్టేశారు లెక్క. అన్నట్టు, ఆ వేదిక మీద వంద గ్రాముల అంకె ఉన్న చీటీలు ఉండవు. నేను ఇంతగా మెచ్చుకునే చీటీ అవసరమైన చోటే కనబడదు.

లోపలికి వెళ్లాం. మసాలాల ర్యాక్‌లో వంద గ్రాములు 40. చియా గింజలు, అవిసె గింజల పక్కన గాజు సీసాలో రెండొందల గ్రాములు 149, అంటే వందకు డెబ్బై నాలుగున్నర. పూజా సామాన్ల దగ్గర నల్ల నువ్వులు మరీ చవగ్గా కనబడితే అత్తయ్య తీసి బుట్టలో వేశారు. తిప్పి చూస్తే వెనకాల ‘పూజకు మాత్రమే, తినడానికి కాదు’ అని ఉంది. “దేవుడికి ఏదైనా పర్లేదన్నమాట” అని తిరిగి పెట్టేశారు. అప్పుడే సరుకు సర్దుతున్న, కోలారు జిల్లా ముళబాగిలు నుంచి వచ్చిన పిల్లాడు మా మాటలు విని, “అక్కా, ఎనక పక్క డబ్బాల్లో లూజు ఉంది చూడండి” అన్నాడు. కిలో 236. అరకిలో 118కి వచ్చింది. గుమ్మం దగ్గరైతే 280 పోయేది.

నెగ్గామనుకున్నాం గానీ ఇంటికొచ్చాక చూస్తే ఆ లూజు నువ్వులు పొట్టు తీయనివి, పైగా ఇసుక. గాలించడం, మేడ మీద ఆరబెట్టడం, జనవరి ఎండ సరిగ్గా కాయక మర్నాడు మళ్లీ ఆరబెట్టడం. గుమ్మంలో పెట్టినవి పొట్టు తీసి శుభ్రం చేసినవి. కాబట్టి ఆ నాలుగు రేట్లూ ఒకే వస్తువుకని అంటే పూర్తిగా నిజం కాదు. చీటీ తూకం చెబుతుంది, పొట్టు సంగతి చెప్పదు. అయినా ఆ గాజు సీసాని మాత్రం ఏ లెక్కనా సమర్థించలేను.

ప్యాకెట్ మీద కూడా యూనిట్ ధర ఉంటుంది. 2021 నవంబరులో ప్యాకేజీ నిబంధనలు సవరించాక వచ్చిన పద్ధతి అది. కానీ కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాము లెక్క, కిలో దాటితే కిలో లెక్క. ఒకదాని మీద 0.40 అనీ ఇంకోదాని మీద 236 అనీ ఉంటే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మెదడుకు ఎక్కదు. పైగా అది ఎంఆర్పీ మీద కట్టిన లెక్క, ఆఫర్ ధర మీద కాదు. ఫలానా సరుకులు ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న పట్టికను కూడా అదే సవరణలో ఎత్తేశారు గనక, 850 మిల్లీలీటర్ల నూనె పక్కన లీటరు పెట్టి పోల్చుకోవడం మనకే వదిలేశారు. అందుకే నాకు ర్యాక్ చీటీయే దిక్కు. ఆఫర్లు మారిన రోజు చీటీలు మార్చడం మాత్రం సిబ్బంది మరిచిపోతుంటారు, బిల్లింగ్ దగ్గర ఒకసారి చూసుకోండి.

బియ్యం ఇక్కడ కొనాలంటే బియ్యం వరస వదిలేయండి. ప్యాక్ చేసిన బియ్యం మీద వేసే 5 శాతం జీఎస్టీ పాతిక కిలోలు దాటిన బస్తాకు పడదు గనక 26 కిలోల సోనా మసూరి బస్తాలు మెట్ల పక్కన నేలమీద పేర్చి ఉంటాయి, కిలోకు నాలుగైదు రూపాయలు తక్కువ. మేం ఇద్దరమే కాబట్టి మాకది పురుగు పట్టేదాకా మిగులుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లతో పంచుకుంటున్నాం.

నాకు నడక దూరం, వారాంతంలో తీరిక, గాలించడానికి పండగలప్పుడు అత్తయ్య. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి ఇక్కడే కొంటున్నాను. చంకలో పిల్లతో వరసలన్నీ తిరగడం కష్టమనుకునేవాళ్లు మసాలాల ర్యాక్‌లో 40 పెట్టి కొన్నా పోయేదేం లేదు. లూజు సరుకు కావాలంటే ఆదివారం సాయంత్రం మాత్రం వెళ్లకండి, తూకం మెషీన్ ఒక్కటే ఉంది.