కెమికల్ ప్లాంట్‌లో సేఫ్టీ ట్రైనింగ్: ఆన్‌లైన్ కోర్సా, క్లాసా, డ్రిల్లా?

కొత్త ఆపరేటర్ దగ్గర సర్టిఫికెట్ ఉంది. ఆన్‌లైన్ పరీక్షలో నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్నాడు. మరి కళ్లల్లో యాసిడ్ పడితే, ఆ మంటలో కళ్లు తెరవకుండానే తడుముకుంటూ ఐవాష్ (కళ్లు కడుక్కునే నీటి కుళాయి) దగ్గరికి చేరుకోగలడా? ఆ సంగతి సర్టిఫికెట్ చూస్తే తెలియదు. ఏ రకం ట్రైనింగ్ మేలు అని ఎవరు అడిగినా ముందు నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఆన్‌లైన్ కోర్సును తీసిపారేయను. రసాయనాల లేబుళ్ల మీద వాడే ప్రమాద చిహ్నాలు 9, ఒక్కో రసాయనం గురించిన జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్‌లో విభాగాలు 16. ప్రథమ చికిత్స ఎప్పుడూ 4వ విభాగంలోనే, మాస్కులు, గ్లౌజుల వివరాలు 8వ విభాగంలోనే ఉంటాయి. ఇలాంటివి స్క్రీన్ మీద చూసి హాయిగా నేర్చుకోవచ్చు, మరిచిపోతే మళ్లీ చూసుకోవచ్చు. నిబంధన మారినప్పుడు అందరికీ ఒకేసారి చెప్పాలన్నా ఇదే సులువు. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 తర్వాత డైఐసోసైనేట్లు (ఫోమ్, రంగులు, జిగురుల తయారీలో వాడే రసాయనాలు) 0.1 శాతానికి మించి ఉన్న సరుకును పనిలో వాడాలంటే ముందు ట్రైనింగ్ తప్పనిసరి అయింది. అంతమందినీ ఒక గదిలో కూర్చోబెట్టడం కుదిరే పనేనా? ఎవరు ఎప్పుడు పూర్తిచేశారో రికార్డు కూడా దానంతట అదే తయారవుతుంది, ఆడిట్‌కు టెన్షన్ ఉండదు. చిక్కల్లా ఆ రికార్డే ట్రైనింగ్ అనుకోవడంలో ఉంది. చదవకుండా నెక్స్ట్ నొక్కుకుంటూ పోయినవాడికీ, శ్రద్ధగా చదివినవాడికీ వచ్చేది ఒకే సర్టిఫికెట్.

క్లాసు సంగతి చెప్పేవాడి మీద ఆధారపడి ఉంటుంది. ప్లాంట్‌లో పనిచేసినవాడు కార్మికుల భాషలో చెబితే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి, 'మా దగ్గర ఆ వాల్వు ఎప్పటినుంచో లీక్ అవుతోంది సార్' లాంటి మాటలూ బయటపడతాయి. అంత విలువైన సమాచారం ఏ సాఫ్ట్‌వేరూ రాబట్టలేదు. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లను తెచ్చి కూర్చోబెడితే మాత్రం ఎంత మంచి క్లాసైనా వృథా.

ఇక డ్రిల్, అంటే చేతులతో చేసి చూసే సాధన. మాస్కు గురించి ఎంత చదివినా, ముఖానికి పెట్టుకుని ఫిట్ టెస్ట్ చేస్తేనే గడ్డం ఉన్నచోట గాలి లోపలికి పోతోందని తెలుస్తుంది. అమెరికా నిబంధనల్లో ముఖానికి బిగుతుగా పట్టే మాస్కులకు ఈ టెస్ట్ ఏటా చేయాలని ఉన్నది అందుకే. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్డు వాసన ఉంటుందని అందరికీ తెలుసు. గాలిలో అది 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాలు) దాకా చేరితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియకుండా పోతుంది. 'వాసన పోయింది, ఇక ఫర్వాలేదు' అనుకునే ఆ క్షణంలో చూపు డిటెక్టర్ వైపు వెళ్లాలంటే అది అలవాటుగా మారి ఉండాలి. ట్యాంకులో తోటివాడు పడిపోయాడని మాస్కు లేకుండా దిగి తానూ ప్రాణం పోగొట్టుకునేవాళ్ల కథలు ఈ రంగంలో ఎన్నో. దిగకూడదని వాళ్లకు తెలియక కాదు. కళ్లముందు మనిషి పడిపోతే కాలు ఆగదు. ఆగి అలారం కొట్టడాన్ని ఒంటికి పట్టేదాకా సాధన చేయించాలి.

కంట్రోల్ రూమ్‌లో ఉండేవాళ్లకు ఈ సాధన సిమ్యులేటర్ (ప్లాంట్ నడకను కంప్యూటర్ మీద అనుకరించే ఏర్పాటు) మీద జరగాలి. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో ఆపి ఉంచిన ఒక టవర్‌ను మళ్లీ నడపడం మొదలుపెడుతుండగా (దీన్నే స్టార్టప్ అంటారు) ద్రవం బయటికి పోకుండా గంటల తరబడి లోపలికి పంపుతూనే ఉన్నారు. లెవెల్ తగ్గుతున్నట్టు మీటర్ తప్పు చూపించింది. టవర్ పొంగి, ఆవిరి అంటుకుని 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలినదాంట్లో ట్రైనింగ్ లోపం కూడా ఉంది: ట్రైనింగ్ విభాగంలో అంతకుముందు 28 మంది ఉన్నచోట 8 మంది మిగిలారు, స్టార్టప్ లాంటి అరుదైన, ప్రమాదకరమైన పనులను సాధన చేయడానికి సిమ్యులేటర్లు లేవు. ట్రైనింగ్ ఖర్చు తగ్గించమని ఎవరైనా అడిగితే నేను ఈ ఉదంతమే చూపిస్తాను.

డ్రిల్‌కు ఖర్చు ఎక్కువ, ఉత్పత్తి కాసేపు ఆగుతుంది, రికార్డు చేత్తో రాసుకోవాలి. నిజమే. అయినా నా ఓటు దీనికే. చట్టం, లేబుళ్లు, డేటా షీట్లు ఆన్‌లైన్‌లో అయిపోవాలి. ఆఫీసు సిబ్బందికి దానితోపాటు ప్రమాదం జరిగితే భవనం ఖాళీచేసే డ్రిల్ ఉంటే సరిపోతుంది. క్లాసును జరిగిన ప్రమాదాల చర్చకు, సందేహాలకు ఉంచుకోవాలి. మిగిలిన డబ్బు, సమయం ప్లాంట్‌లోనే ఖర్చుపెట్టాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే ఆపరేటర్లకు డ్రిల్ ఎంచుకుని, చట్టం, లేబుళ్ల సంగతులు సూపర్‌వైజర్ చేత దగ్గరుండి చెప్పిస్తాను.

ఏది ఎంచుకున్నా కాంట్రాక్ట్ కార్మికులను లెక్కలోంచి తీసేయొద్దు. ప్లాంట్ ఆపి చేసే మరమ్మతు (షట్‌డౌన్) పనుల్లో ట్యాంకుల్లోకి దిగేది ఎక్కువగా వాళ్లే. గేటు దగ్గర పది నిమిషాల వీడియో చూపించి సంతకం పెట్టించుకుంటే చాలదు. వాళ్లు వాడబోయే మాస్కు, ఎక్కబోయే నిచ్చెన, బయటికి పరుగెత్తాల్సిన దారి పనికి ముందే వాళ్లతో ఒకసారి చేయించి చూడాలి.