పాస్‌వర్డ్ మారనంటోంది: మనమే మార్చుకుంటే మేలా, రీసెట్ చేయిస్తే మేలా?

నెలలో 20వ తేదీ దగ్గరపడితే విజయవాడ గవర్నర్‌పేటలోని ఆడిటర్ ఆఫీసుల్లో జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ హడావుడి. అప్పుడే ఆఫీస్ కంప్యూటర్ విండోస్ పాస్‌వర్డ్ గడువు తీరి, కొత్తది ఎన్నిసార్లు ఇచ్చినా తీసుకోకపోతే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. అందరూ వెంటనే సర్వర్ చూసేవారికి ఫోన్ చేసి రీసెట్ చేయమంటారు. పాత పాస్‌వర్డ్ గుర్తున్నంతవరకు, కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కి మనమే మార్చుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

పొడవు, సంక్లిష్టత, హిస్టరీ నియమాలకు సరిపోలేదని విండోస్ ఒకే మెసేజ్ ఇస్తుంది. దాని వెనక కారణాలు మాత్రం వేరు. డొమైన్‌లో (ఆఫీస్ కంప్యూటర్ల లాగిన్‌లన్నీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు) మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం కనీసం 7 అక్షరాలుండాలి, వెనకటి 24 పాస్‌వర్డ్‌లు మళ్లీ పనికిరావు. మన పేరు అందులో ఉన్నా ఒప్పుకోదు. పేరు పక్కన @ గుర్తు, సంవత్సరం పెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, ముందు అది చూసుకోండి.

మెసేజ్‌లో లేని కారణం ఇంకొకటుంది. పాస్‌వర్డ్ మారాక ఒక రోజు గడిచేదాకా మళ్లీ మార్చనివ్వదు. రీసెట్‌తో వచ్చే చిక్కు ఇక్కడే. పొద్దున అడ్మిన్, అంటే ఆ సర్వర్ చూసే మనిషి, రీసెట్ చేసి ఇచ్చిన పాస్‌వర్డ్‌ని మధ్యాహ్నం మనం మార్చబోతే అదే ఎర్రర్ వస్తుంది. ఈసారి లాగిన్‌లో యూజరే మార్చుకోవాలనే టిక్ పెట్టి రీసెట్ చేస్తే ఈ అడ్డు ఉండదు. ఆ టిక్ పెట్టమని అడగండి. లేకపోతే అడ్మిన్‌కి తెలిసిన పాస్‌వర్డే రేపటిదాకా మనది, క్లయింట్ల లెక్కలుండే చోట అది మంచిది కాదు.

పాతది మరిచిపోతే మాత్రం రీసెట్ తప్పదు. డొమైన్ లేని చిన్న ఆఫీసుల్లో ఇంకాస్త జాగ్రత్త: లోకల్ అకౌంట్‌ని (ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండే అకౌంట్) పాత పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరేవాళ్లు రీసెట్ చేస్తే విండోస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు పోవచ్చు.

డొమైన్ అందుబాటులో లేదని వస్తే రీసెట్ చేయించినా లాభం లేదు. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ (పేరును బట్టి సర్వర్‌ని వెతికిపెట్టేది) దగ్గర ఆఫీస్ సర్వర్ బదులు రౌటర్ అడ్రస్ ఉందేమో చూడండి. కంప్యూటర్ టైమ్ కూడా సరిచూడండి. సర్వర్‌తో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌కే ఇబ్బంది, పాత సిస్టమ్‌లలో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే ఇలాగే జరుగుతుంది.