కోఠిలో సౌండ్ సిస్టమ్ బేరం

ఖమ్మంలో మాదో చిన్న లైట్ మ్యూజిక్ బృందం. ఇద్దరం పాడతాం. తబలా, ఫ్లూట్, కీబోర్డు ఉన్నాయి. పుట్టినరోజులకు, వినాయక మండపాలకు వెళ్తుంటాం, జనం మహా అయితే నూటయాభై. వచ్చిన డబ్బుల్లో సగం సౌండ్ అద్దెకే పోతుంటే ఇక సొంతంగా కొనేద్దామని హైదరాబాద్ బయల్దేరాం.

పొద్దున సాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్ స్టేషన్, అక్కణ్ణుంచి కోఠిలో సౌండ్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి నడకే. ఆదివారం మాత్రం వెళ్లొద్దు, చాలా షట్టర్లు మూసే ఉంటాయి. కాచిగూడలో దిగిన లాడ్జి చవకే, దుప్పట్లూ శుభ్రంగానే ఉన్నాయి. లిఫ్ట్ లేదు, మాకిచ్చింది మూడో అంతస్తు. స్పీకర్లు కొనేవాళ్లు గది అద్దె కంటే ముందు ఈ సంగతి అడగాలి.

గల్లీలో ఎవరిని కదిపినా వాట్స్ లెక్కే. "వెయ్యి వాట్స్ అన్నా, హాలు అదిరిపోద్ది!" ఆ వెయ్యి పీక్ లెక్కో (ఒక్క క్షణం ఇచ్చేది), ఆర్ఎంఎస్ లెక్కో (ఆగకుండా ఇచ్చేది) అడిగితే సగం మంది మాట మారుస్తారు. అయినా వాట్స్ రెండింతలైతే పెరిగే శబ్దం 3 డెసిబెల్సే, చెవికి కొంచెమే తేడా. మాకు కావాల్సింది గొంతు స్పష్టంగా వినబడటం.

ఒక షాపులో ఫోన్ పెట్టి సినిమా పాట అదరగొట్టాడు. మా మైక్ పెట్టి చూస్తామంటే మొహం చిట్లించాడు. రెండు షాపుల అవతల ఓ పెద్దాయన మాత్రం "పెట్టుకో బాబూ" అని కేబుల్ తనే అందించాడు. మావాడు స్పీకర్ ముందు నిలబడి పల్లవి ఎత్తుకుంటే నేను మైక్ శబ్దం పెంచే గెయిన్ నాబ్ తిప్పుతూ పోయాను. ఒక పది అంగుళాల స్పీకర్ అయితే నాబ్ సగం కూడా తిరగకముందే, తన శబ్దం మళ్లీ మైక్‌లోకే దూరి కుయ్‌మంది. పక్కనున్న 12 అంగుళాల యాక్టివ్ స్పీకర్ చాలాసేపు తట్టుకుంది, గొంతు కూడా ముక్కుతో పాడినట్టు మారలేదు. అలాంటివే జత తీసుకున్నాం. యాంప్లిఫైయర్ లోపలే ఉంటుంది కాబట్టి మోసే పెట్టె ఒకటి తగ్గింది.

మైక్‌సెట్ల కంపెనీ అహూజా సంగతీ ఆలోచించాం. చిన్న ఊళ్లో కూడా రిపేరు చేసేవాడు దొరకడం దాని పెద్ద బలం. కానీ గుళ్లలో హారన్లకు వాడే 100 వోల్టుల లైన్ యాంప్లిఫైయర్ దూరాలకు మాట చేరవేయడానికి బాగుంటుంది, పాటకు అంతగా నప్పదు. బ్లూటూత్ ట్రాలీ స్పీకర్ల జోలికే పోలేదు.

మైకులన్నింటినీ కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్ దగ్గర పేరులో అంకె చూసి తొందరపడొద్దు. యమహా ఎంజీ10లో పది ఛానెళ్లున్నా మైకులు పెట్టగలిగేది నాలుగే. రెండు గొంతులు, తబలాకు రెండు, ఫ్లూట్‌కు ఒకటి, మాకు అక్కడే ఐదయ్యాయి. కీబోర్డుకు మైక్ అక్కర్లేదు, నేరుగా స్టీరియో లైన్‌లోకి పోతుంది. అందుకని ఆరు మైకులు పట్టే ఎంజీ12ఎక్స్‌యూ తీసుకున్నాం. ఎకో అందులోనే ఉంది, గాయకులకు అది లేకపోతే ముద్ద దిగదు. మిగిలిన డబ్బులతో షూర్ వాళ్ల ఎస్ఎం58 మైక్ ఒకటే వచ్చింది, రెండో గొంతుకు పాత మైకే. మైకులకు వాడే ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లు కళ్లముందే సోల్డరింగ్ చేయించుకున్నాం.

జీఎస్టీ బిల్లు వద్దంటే తగ్గిస్తామన్నారు. వారంటీ పోగొట్టుకుని మిగుల్చుకునేదేముందని బిల్లే తీసుకున్నాం. అంత సామానుతో మెట్రో కుదరదు. ఎంజీబీఎస్ బస్టాండ్ దగ్గరే కాబట్టి ఆటోలో తీసుకెళ్లి ఆర్టీసీ కార్గోలో వేశాం. స్టాండ్లు మాత్రం ఖమ్మంలోనే కొన్నాం, ఇనుప గొట్టాలకు కార్గో ఖర్చు దండగని.