లింకన్ సెంటు, శాతవాహనుల సీసపు నాణెం: ఏది ఎక్కువ ధర పలుకుతుంది?

1909లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల, వి.డి.బి. అక్షరాలున్న లింకన్ సెంట్లు (లింకన్ బొమ్మ ఉన్న ఒక సెంటు నాణేలు) 4,84,000 ముద్రించింది. లక్షల్లో ముద్రించినా, అరిగిపోయిన సెంటు కూడా వందల డాలర్లు పలుకుతుంది. వి.డి.బి. అంటే నాణేన్ని రూపొందించిన శిల్పి బ్రెన్నర్ పొడి అక్షరాలు; అవి కొట్టొచ్చినట్టున్నాయని గొడవై, కొద్దిరోజులకే తీసేశారు. ధరకు అసలు కారణం అది కాదు. లింకన్ సెంట్లను ఏడాదివారీగా ఆల్బమ్‌లో పేర్చుకునేవాళ్లు అమెరికాలో కోకొల్లలు. చాలామందికి ఈ నాణెం గడి ఖాళీయే.

శాతవాహనుల సీసపు నాణేల్లో కొన్ని రకాలు పట్టుమని పది కూడా కనిపించవు. అయినా అరిగిన ముక్క కొన్ని వందల రూపాయలకే వస్తుంది. బ్రాహ్మీ అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. చదవగలిగేవాళ్లు తక్కువ, కొనేవాళ్లు ఇంకా తక్కువ. "ప్రపంచంలో ఇదొక్కటే" అని అమ్మేవాడు ఊరిస్తే, దీన్ని మళ్లీ ఎవరు కొంటారని అడగండి. నాకైతే సీసపు నాణెమే ఇష్టం, కానీ లాభం కోసమైతే కొనను.