రాత్రి ఏడున్నర తర్వాత కీప్యాడ్ ఫోన్: రెండేళ్ల వాడకం

రెండేళ్ల క్రితం ఒక రాత్రి మా అమ్మాయి స్కూల్లో జరిగిన గొడవ గురించి చెబుతుంటే నేను ఫోన్ చూస్తూ ఊఁ కొడుతున్నాను. తను చెప్పడం ఎప్పుడు ఆపేసిందో కూడా నాకు తెలియలేదు. పిల్ల ఏడుస్తూ పడుకుందని మర్నాడు వాళ్లమ్మ చెప్పింది. ఆ వారమే ఒక 4జీ కీప్యాడ్ ఫోన్ కొన్నాను. అప్పటి నుంచి రాత్రి 7:30కి స్మార్ట్‌ఫోన్ బీరువాలోకి వెళ్తుంది, పొద్దున ఏడింటిదాకా బయటికి రాదు.

అంతకుముందు యాప్ టైమర్లు వాడి చూశాను. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ 2018లోనే వచ్చాయి. గడువు అయిపోగానే యాప్ మూసుకుపోతుంది. కానీ ఆ టైమర్ పెట్టింది నేనే, తీసేసేదీ నేనే. తెరను నలుపు తెలుపు చేయడం మాత్రం పనికొచ్చింది, రంగులు లేకపోతే రీల్స్ మీద మోజు తగ్గుతుంది. పగలు ఇప్పటికీ అలాగే ఉంచుతాను.

కీప్యాడ్ ఫోన్‌లో వేరే సిమ్ వేసి, స్మార్ట్‌ఫోన్‌కి వచ్చే కాల్స్ అందులోకి మళ్లేలా కాల్ సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ పెట్టుకున్నాను. ఎవరో ఫోన్ చేసి *401* తో మొదలయ్యే నంబరు నొక్కమంటే మాత్రం నొక్కకండి, అది మోసం. మన కాల్స్ వాళ్లకు వెళ్లిపోతాయి. ఇలాంటివి ఎక్కువై, ఇలా *, # గుర్తులతో నొక్కే యూఎస్‌ఎస్‌డీ కోడ్లతో చేసే ఫార్వార్డింగ్‌ను టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. ఇంకో మాట, జియోకి 2జీ లేదు. ఆ సిమ్ వాడేవాళ్లు 4జీ కీప్యాడ్ ఫోనే కొనాలి.

ఇబ్బందులు లేకపోలేదు. ఫార్వార్డింగ్‌లో కాల్స్ వస్తాయి గానీ మెసేజీలు రావు, అంటే ఓటీపీలన్నీ బీరువాలోనే ఉంటాయి. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు సాయంత్రమే ముగించుకోవాలి. వాట్సాప్ కాల్స్ కూడా రావు. డల్లాస్‌లో ఉన్న మా చెల్లి మొదట్లో బాగా కోప్పడింది. ఇప్పుడు ఆదివారం పొద్దున 8 గంటలకు మాట్లాడుకుంటున్నాం, అక్కడ శనివారం రాత్రి. ఇదివరకు రోజూ రెండు నిమిషాలు మాట్లాడేవాళ్లం, ఇప్పుడు వారానికొకసారి గంట. నాకు ఇదే బాగుంది.

మొదటి మూడు వారాలు నిజంగా కష్టం. తొమ్మిదింటికి చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది, ఏదో మర్చిపోయినట్టు టెన్షన్. ఆ సమయానికి ఏదో ఒక పని పెట్టుకోకపోతే బీరువా తాళం తీయబుద్ధేస్తుంది. నేను అమ్మాయి లెక్కల దగ్గర కూర్చున్నాను. తనకు ఎనిమిదో తరగతి బీజగణితం, నాకు పాతికేళ్ల కింద మర్చిపోయిన బీజగణితం. ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. స్కూలు కబుర్లు మళ్లీ మొదలవడానికి రెండు నెలలు పట్టింది. తొందరపెట్టలేదు.

రోజుకు 5 గంటల 40 నిమిషాలున్న నా స్క్రీన్ వాడకం ఇప్పుడు మూడు గంటల లోపే. కీప్యాడ్ ఫోన్‌కి ఐదారు రోజులకోసారి చార్జింగ్ చాలు. టార్చి, ఎఫ్‌ఎం బాగున్నాయి. పొద్దున ఆకాశవాణి విజయవాడ వార్తలు అందులోనే వింటున్నాం.

రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లకు, ఆఫీసు నుంచి ఎప్పుడైనా మెసేజ్ వచ్చే ఉద్యోగాలవాళ్లకు ఈ పద్ధతి కుదరదు. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేకపోతే, కొత్త నంబరు బంధువులందరికీ ముందే ఇవ్వండి.

పోయిన నెల మా ఆవిడ తనకూ ఒకటి కావాలంది. నాది పాత మైక్రో యూఎస్‌బీ, ఆ కేబుల్ ఇంట్లో ఒక్కటే మిగిలింది. తనకోసం టైప్-సి ఉన్నది వెతుకుతున్నాం.