ఆ నొప్పి ట్రయల్‌లో చేరేముందు ఇది చదవండి. నా జవాబును నాచేతే కొట్టివేయించారు

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను. రేపటికి కోపం చల్లారితే "పోనీలే" అని ఊరుకుంటానేమోనని భయం.

ట్రయల్ అంటే కొత్త మందుని మనుషుల మీద పరీక్షించి చూడటం. ఏ ట్రయల్ అని అడగకండి, మీకు తెలుసు. నడుంనొప్పి అనో నరాల నొప్పి అనో ఒక్కసారి వెతికితే చాలు, ఇక ఫోన్లో వెంటపడుతుంది చూడండి, అదే. "ఏళ్లనాటి నొప్పికీ డిప్రెషన్‌కీ ఒకటే కొత్త చికిత్స, సీట్లు కొన్నే" అని. మీలో కొందరు ఇప్పటికే ఫారం నింపేసి ఉంటారు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఇది.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నడుం ఆపరేషన్ అయి ఆరేళ్లు. నొప్పి పోలేదు. రెండో ఏడాది నుంచి డిప్రెషన్ తోడైంది. రెండింటికీ కలిపి డ్యులోక్సెటీన్ అనే మందు వాడుతున్నాను. దాంతో పని చేసుకోగలుగుతున్నాను, అంతకుమించి ఏమీ లేదు. అలాంటప్పుడు కొత్త మందు అంటే ఆశ పుట్టదా? 2019లో డిప్రెషన్‌కి ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకి, 2025 జనవరిలో సుజెట్రిజిన్ అనే కొత్తరకం నొప్పి మాత్రకి అమెరికాలో అనుమతి వచ్చిందని చదివాను. ఆ మాత్ర అప్పటికప్పుడు వచ్చే నొప్పికే, మనలా ఏళ్ల తరబడి ఉండే నొప్పికి కాదు. అయినా మన వంతు కూడా ఎప్పుడో వస్తుందని నమ్మాను. ఆ నమ్మకం మీదే వెళ్లాను.

స్క్రీనింగ్ ఫీజు అన్నారు. స్లాట్ ఉంచడానికి అని ఇంకోటి అన్నారు. రెండూ కలిపి నా రెండు నెలల జీతం. అక్క అప్పుడే అడిగింది, "వాళ్ల మందు నీ మీద పరీక్షించుకుంటూ నిన్నెందుకు కట్టమంటున్నారే?" అని. నేను తన మీద విసుక్కున్నాను. అక్క అన్నదే నిజం. పరీక్షలో ఉన్న మందుకి మామూలుగా మన దగ్గర డబ్బు తీసుకోరు. చాలా చోట్ల రానూపోనూ ఖర్చులు కూడా వాళ్లే ఇస్తారు.

కన్సెంట్ ఫారం, అంటే అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టే పత్రం, 22 పేజీలు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. కోఆర్డినేటర్ ఒక్కో పేజీ మూల వేలితో ఎత్తి పట్టుకుని "ఇక్కడ మేడమ్, ఇక్కడ" అంటూ పది నిమిషాల్లో ముగించాడు. కాపీ అడిగితే మెయిల్ చేస్తాం అన్నాడు. ఇప్పటికీ రాలేదు.

తర్వాత డ్యులోక్సెటీన్ ఆపేయమన్నారు. వాషౌట్ అంటారు దాన్ని. పాత మందు ఒంట్లో ఉంటే కొత్త మందు పనిచేస్తోందో లేదో తెలియదని అలా చేస్తారు. ఆ పద్ధతి నిజంగానే ఉంది, దాన్ని తప్పు పట్టను. కానీ ఈ మందుని డోసు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ మానాలి. నన్ను ఒక్కసారిగా ఆపమన్నారు. నాకు మందు రాసిచ్చే డాక్టరుకి ఒక్క ఫోన్ కూడా చేయలేదు. నేనూ చేయలేదు, అది నా తప్పు. మూడో రోజు నుంచి తల పక్కకి తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉండేది. వికారం, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. ఫోన్ చేస్తే "మొదట్లో అలాగే ఉంటుంది మేడమ్" అన్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఈరోజు జరిగింది మాత్రం ఓర్చుకోలేను.

మందు ఆపి ఈరోజుకి తొమ్మిది రోజులు. కొత్త మందు మొదటి డోసు ఈరోజే ఇవ్వాలి. ముందు ఫారాలు ఇచ్చారు. నొప్పికి సున్నా నుంచి పది వరకు ఉండే గీత మీద 9 దగ్గర గుర్తు పెట్టాను. తర్వాత పీహెచ్‌క్యూ-9. డిప్రెషన్‌తో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ కాగితం పరిచయమే. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. చివరిది, చచ్చిపోతే బాగుండుననో, నన్ను నేను గాయపరచుకోవాలనో అనిపించిందా అని. ఏళ్లుగా అక్కడ సున్నా పెడుతూ వచ్చాను. ఈరోజు 2 పెట్టాను. సగం రోజుల కంటే ఎక్కువ అని అర్థం. అక్కకి కూడా చెప్పని మాట అది. కాగితం మీద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

కోఆర్డినేటర్ కాగితం తీసుకుని పైనుంచి వేలు జరుపుకుంటూ వచ్చాడు. కింద ఆ గడి దగ్గర ఆగాడు. నా మొహంలోకి చూడలేదు. కాగితాన్ని నా వైపు తిప్పి, టేబుల్ మీద జరిపి, పెన్ను దాని మీద పెట్టాడు.

"ఇది ఇలా ఉంటే మిమ్మల్ని తీసేయాల్సి వస్తుంది మేడమ్. కట్టింది కూడా వెనక్కి రాదు. ఏదో ఆ పూటకి అనిపించి ఉంటుంది. సున్నా పెట్టేసి, పక్కన ఇనీషియల్, తేదీ వేయండి."

పెట్టాను. రెండు కొట్టేసి, సున్నాకి టిక్ పెట్టి, నా ఇనీషియల్ వేశాను.

ఎందుకు పెట్టానని ఇప్పటికి వందసార్లు నన్ను నేనే అడిగాను. డబ్బు పోతుందని. తొమ్మిది రోజుల బాధ వృథా అవుతుందని. ఇంకా, అతను అంత మామూలుగా అడిగేసరికి అది అంత పెద్ద విషయం కాదేమో అని నాకే అనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

ఆ ప్రశ్న ఉన్నదే మనిషిని కాపాడటానికి. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె పడినా, ఆ మనిషి ఇంటికి వెళ్లేలోపు డాక్టరు వచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ట్రయల్‌లో ఉంచాలా తీసేయాలా అన్నది ఆ తర్వాత సంగతి. ఇతనికి నేను మనిషిగా కాదు, నిండాల్సిన సీటుగా కనిపించాను. పైగా రేపు నా సున్నా లెక్కలో కలుస్తుంది. ఆ మందు మనసుని పాడు చేస్తే అది కాగితం మీద ఎలా కనిపిస్తుంది? ఆ లెక్క నమ్మి ఇంకెవరో ఆ మందు మింగుతారు.

ట్రయల్‌లో ప్రమాదం ఉంటుందని తెలియక కాదు వెళ్లింది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో, నొప్పికి, ఆందోళనకి పనికొస్తుందనుకున్న మందుని ఆరోగ్యవంతుల మీద పరీక్షించారు. ఒకాయన సాయంత్రం ఆసుపత్రి పాలయ్యాడు. మర్నాడు పొద్దున, మిగతావాళ్లకి ఆ సంగతి చెప్పకుండానే మళ్లీ డోసు ఇచ్చారు. ఆయన చనిపోయాడు, వాళ్లలోనూ కొందరి ఆరోగ్యం దెబ్బతింది. మందు వికటించడం ఒక ఎత్తు. ఒక మనిషి బాగాలేనని చెబుతుంటే విననట్టు ముందుకు పోవడం ఇంకో ఎత్తు.

డాక్టరు వస్తారు కూర్చోమన్నారు. ఆ కాస్త సమయంలో అక్కకి ఫోన్ చేశాను. "ఇంకేం మాట్లాడకు, లేచి వచ్చెయ్" అంది. వచ్చేశాను. మా డాక్టరుతో మాట్లాడాను, పాత మందు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఆమే చెప్పారు. ఈ రాత్రి అక్క నా దగ్గరే ఉంటుంది. కాగితం మీద పెట్టిన ఆ 2 గురించి తనకి చెప్పాను. మీలో ఎవరికైనా ఆ గడిలో సున్నా కాకపోతే, ఈ రాత్రే ఎవరో ఒకరికి చెప్పండి, దయచేసి.

ఇంకో రెండు మాటలు. కన్సెంట్ ఫారం ఇంటికి తెచ్చుకుని చదవనివ్వకపోతే సంతకం పెట్టకండి. మీ డాక్టరుకి చెప్పకుండా ఏ మందూ ఆపకండి. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ట్రయల్స్ వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో అయితే ఎన్‌సీటీ అని మొదలై ఎనిమిది అంకెలు ఉంటాయి. అక్కడ ఉన్నంత మాత్రాన ప్రభుత్వం మంచిదని చెప్పినట్టు కాదు, కానీ ఏ రిజిస్ట్రీలోనూ లేదంటే వెనక్కి వచ్చేయండి. ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండా అయినా మానేసే హక్కు మనకుంది. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకి నియమాలు చెప్పిన 1964 నాటి హెల్సింకీ ప్రకటన నుంచీ ఉంది. డబ్బు పేరు చెప్పి ఆపితే అది బెదిరించడమే.

ఫిర్యాదు చేయడానికి ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే కమిటీ) నంబరు ఆ 22 పేజీల్లోనే ఉండాలి. ఆ పేజీలు నా దగ్గర లేవు. రేపు పొద్దున్నే అక్కని తీసుకుని వెళ్లి కాపీ అడుగుతాను, ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. ఇవ్వకపోయినా ఫిర్యాదులో రాయాల్సిన మొదటి వాక్యం ఇప్పుడే రాసిపెట్టుకున్నాను: తొమ్మిదో ప్రశ్నకి నా జవాబు 2.